ఎర్తు లేని మేడగది

మొన్నొకరోజు పొద్దున మా మేనకోడలు స్నానం చేసి వచ్చి, తడి కాళ్లతోనే కుర్చీలో కూర్చొని ల్యాప్‌టాప్‌ను ఛార్జింగుకు పెట్టుకుంది. చాయ్ తీసుకుపోయిన నేను, కప్పు పెట్టడానికి జాగా లేక ఆ ల్యాప్‌టాప్‌ను జర పక్కకు జరిపాను. లోహపు మూత మీద వేళ్లు ఆనగానే సన్నగా జుమ్మంది.

"కరెంటు కొడుతోంది పిల్లా" అన్నాను.

"అది ఎప్పుడూ అట్లనే అత్తా. ఛార్జర్ మంచిది కాదు. ఏం కాదు" అంది తల ఎత్తకుండా.

చాయ్ కప్పు నేల మీదనే పెట్టేసి, గోడ దగ్గరికి పోయి స్విచ్ బంద్ చేసి, ప్లగ్ కూడా పీకేశాను. పిల్ల బిత్తరపోయి చూసింది. "ఏమైందత్తా, ముఖమంతా పాలిపోయింది" అంది. చెప్పుల జత తెచ్చి దాని కాళ్ల ముందు పెట్టాను. ఏం కాదు అనే మాట మేము కూడా ఒక వానాకాలమంతా అనుకుంటూ గడిపాం.

అప్పటికి నేను పదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాను. అమ్మానాన్న రాయికోడ్ దగ్గర పల్లెలో ఉండేవాళ్లు. నేను మాత్రం చదువు కోసం జహీరాబాదులో తాత ఇంట్లో, అంటే అమ్మ పుట్టింట్లో పెరిగాను. తాతది అల్లం వ్యాపారం. కింద గోదాము, దాని వెనుక ఇల్లు, గోదాము మీద ఒక్క గది. రైతులు దించిన బస్తాల్లోంచి ఎర్రమట్టి రాలి ఇల్లంతా పరుచుకునేది. వాన పడ్డ రోజు తడిగోనె వాసన, పచ్చి అల్లం వాసన కలిసి గొంతులోకి దిగేవి. మా ఇంట్లో చాయ్‌లో అల్లం వెయ్యక్కర్లేదు, కప్పు పట్టుకొని గోదాములో నిలబడితే చాలని వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. రాత్రీ పగలూ బొంబాయి రోడ్డు మీద లారీల హారన్లు వినిపిస్తూనే ఉండేవి.

అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చేసి, ఆ పైన కంప్యూటర్ నేర్చుకొని వచ్చింది. తాతతో నెలల తరబడి వాదించి ఆ మేడగది సంపాదించుకుంది. ఊళ్లో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పిస్తానంది. ఆ యంత్రం జీపులో వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. బాలింతను తెచ్చినట్టు బొంతలు చుట్టి తెచ్చారు. చూడటానికి వచ్చినవాళ్లతో మెట్లు నిండిపోయాయి. మా అజ్జి, అంటే అమ్మమ్మ, బీదరు వైపు మనిషి. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేది. ఆమె కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లు దాని నెత్తిన చల్లబోతే చిన్నమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. "బేడమ్మా, నీళ్లు బేడ" అంది. వద్దని అజ్జి భాషలోనే చెప్పింది.

ఆ గదికి చిన్నమ్మ పెట్టిన నియమం ఒకటే. చెప్పులు మెట్ల కిందనే విడవాలి. గోదాములోని మట్టి పైకి వస్తే యంత్రం పాడవుతుందని ఆమె భయం. అందుకని మేమంతా ఉత్త కాళ్లతోనే, గుళ్లోకి పోయినట్టు పోయేవాళ్లం. కింద షాబాదు బండలు చల్లగా ఉండేవి.

చేరింది గుప్పెడు మంది ఆడపిల్లలం. అందులో నాకు ప్రాణస్నేహితురాలు కోహీరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. పేరు కన్నా ఆ ఊరి పేరుతోనే అందరం పిలిచేవాళ్లం. నల్లగా, పొడుగ్గా ఉండేది. రెండు జడలు. జామకాయలు లేకుండా ఏనాడూ రాలేదు. ఆమెను చేర్పించడానికి వాళ్ల బాపు వచ్చాడు. చెరుకు, ఆలుగడ్డ పండించే రైతు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని, ఆ డబ్బాను అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు.

"ఇది నేర్సుకుంటె ఏమొస్తదమ్మా?" అని అడిగాడు.

"నేర్చుకున్నది వస్తది కాకా" అంది చిన్నమ్మ.

ఆయన నవ్వాడు. "సరే గని, పొద్దు గూకకముందే బస్సెక్కియ్యాలె. మా ఇంటిది ఏడ్సి ఏడ్సి ఒప్పిచ్చింది నన్ను. పిల్లకు ఏమన్న అయితె నేను దానికి ముఖం సూపియ్యలేను" అన్నాడు.

"జిమ్మేదారి నాది, నేను చూసుకుంట" అంది చిన్నమ్మ.

ఆ యంత్రం మాకు పాఠాలు నేర్పిందో, రోగాలు నేర్పిందో చెప్పలేను. సగం రోజులు అది పడుకునే ఉండేది. చిన్నమ్మ మాకు వైద్యం నేర్పింది. స్విచ్ వెయ్యగానే ఒక్క చిన్న కూత కూస్తే ఆరోగ్యం. ఒక పొడుగు, రెండు పొట్టి కూతలైతే తెరకు సంబంధించిన కార్డు కదిలిందని. ఏ కూతా లేకపోతే మూత తియ్యాల్సిందే. లోపలి కార్డు ఊడదీసి, దాని అంచున పసుపుపచ్చగా మెరిసే పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఉఫ్ అని ఊది, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టేవాళ్లం. నల్లటి చిన్న చిప్పులు వేడెక్కుతూ, చల్లబడుతూ వాటి గుంతల్లోంచి మెల్లగా పైకి లేస్తాయట. వాటిని బొటనవేలితో ఒక్కొక్కటిగా నొక్కాలి. నొక్కినప్పుడు కిర్రుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు వినడానికి మేము పోటీ పడేవాళ్లం.

ఒకసారి మీటల పలక మొరాయించింది. ఒక అక్షరం నొక్కితే ఇరవై వస్తున్నాయి. చిన్నమ్మ పలకను తలకిందులు చేసి తట్టింది. జామ గింజలు, ఉప్పు, కారం జలజలా రాలాయి. ఆ గదిలో తినగూడదని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. కోహీరు పిల్లా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చిన్నమ్మ తిట్టలేదు. మీటలన్నీ మా చేతనే పీకించి, కడిగించి, ఆరబెట్టించి, చూడకుండా జ్ఞాపకం మీద మళ్లీ పెట్టించింది. ఆ దెబ్బతో మాకు ఏ అక్షరం ఎక్కడుందో జన్మలో మరిచిపోనట్టు వచ్చేసింది.

అన్నిటికన్నా సతాయించింది ప్రింటర్. మనం ఒకటి రాస్తే అది ఒకటి గీసేది. నాలుగు లైన్లు బాగా వచ్చి, ఐదో లైను దగ్గర పిచ్చి గీతలు, గుండె బొమ్మలు, ముక్కలైన అక్షరాలు వచ్చేవి. కాగితం గిరగిరా బయటికి పోయేది. ప్రింటర్‌కు సరైన డ్రైవర్ పడలేదని చిన్నమ్మ అనుమానం. కంప్యూటర్ మాట ప్రింటర్‌కు అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారని మాకు చెప్పింది. అన్నం తింటూ ఈ సంగతి తాతకు కూడా చెబితే, ఆయన జొన్నరొట్టె ముక్కను పల్లీల శేంగా పొడిలో అద్దుకుంటూ, "డ్రైవర్ల కోసం ఫికర్ ఎందుకు బిడ్డా? మన రోడ్డు మీద లారీకొకడు దొరుకుతడు" అన్నాడు. చిన్నమ్మకు పొలమారింది.

హైదరాబాదు నుంచి కొత్త ఫ్లాపీలు తెప్పించింది. ప్రింటర్ అడుగున ఉన్న బుల్లి స్విచ్చులను పైకీ కిందికీ మార్చి చూసింది. కేబుల్ మార్చింది. ఒకరోజు బాగుండేది, మర్నాడు మళ్లీ అదే పిచ్చి. అప్పుడప్పుడు కంప్యూటర్ డబ్బాను ముడితే చురుక్కుమనేది కూడా. గోరుతో గిచ్చినంత. "ఇది కొరుకుతది మేడం" అని కోహీరు పిల్ల నవ్వేది. "ఏం కాదు, కొత్త యంత్రం" అనేవాళ్లం అందరం. చిన్నమ్మ కూడా అంది. డ్రైవర్ గోలలో పడి ఆ చురుకును ఆమె పట్టించుకోలేదు.

వానాకాలం చివర్లో ఒక సాయంత్రం పెద్ద గాలిదుమారం వచ్చింది. గోదాము రేకులు లేచాయి. మా వీధిలో స్తంభం మీది తీగలు తెగి రోడ్డు మీద పడ్డాయి. మర్నాడు పొద్దున మనుషులొచ్చి స్తంభమెక్కి తీగలు కలిపి పోయారు. మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. కిటికీలోంచి జల్లు కొట్టి మేడగది అంతా బురద బురదగా ఉంది. కోహీరు పిల్లా నేనూ బకెట్లతో నీళ్లు పోసి కడిగాం. ఆమె చీపురు పట్టుకొని పాట పాడుతూ కడిగింది. బండల మీద ఇంకా తేమ ఆరనేలేదు.

చిన్నమ్మ తన కట్టె స్టూలు మీద కూర్చుంది. ఆమె కాళ్ల కింద ఎప్పుడూ గోనెపట్టా ఉండేది. గోడకున్న స్విచ్ వేసింది. ఒక్క చిన్న కూత. అందరం హమ్మయ్య అనుకున్నాం. ప్రింటర్ రెండు లైన్లు కొట్టి మళ్లీ గుండె బొమ్మలు మొదలుపెట్టింది.

"వెనక కేబుల్ జర బిగించి చూడు" అంది చిన్నమ్మ, తెర మీంచి చూపు తీయకుండా.

కోహీరు పిల్ల బల్ల వెనక్కి పోయింది. కేబుల్ అందడం లేదని ఎడమ చేత్తో కంప్యూటర్ డబ్బా అంచును పట్టుకొని, ముందుకు వంగింది.

ఆమె అరవలేదు. అందుకే నాకు అర్థం కాలేదు. గొంతులోంచి, నిద్రలో మనిషి మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. కళ్లు పెద్దగా తెరుచుకొని నా వైపే చూస్తున్నాయి. జడలు వణుకుతున్నాయి. అల్లరి చేస్తోంది అనుకొని నేను నవ్వాను కూడా. ఆ పిల్ల అల్లరి అట్లాంటిది మరి.

చిన్నమ్మకు అర్థమైంది. "ఎవ్వరు ముట్టొద్దు" అంది. లేచి, తాను కూర్చున్న స్టూలును రెండు చేతులతో ఎత్తి, ఆ పిల్ల చేతి మీద కొట్టింది. చెయ్యి వదల్లేదు. ఇంకా గట్టిగా, ఉన్న బలమంతా పెట్టి మళ్లీ కొట్టింది. ఎండిన చెరుకుగడ విరిగినట్టు చప్పుడైంది. పిల్ల వెనక్కి, గోడ మీద పడి, అక్కడి నుంచి కిందికి జారింది. చిన్నమ్మ స్టూలు కాలితోనే గోడమీది స్విచ్‌ను కొట్టి ఆర్పేసింది.

అప్పుడు గుమ్మం వైపు చూశాను. అక్కడ కోహీరు పిల్ల వాళ్ల బాపు నిలబడి ఉన్నాడు. చేతిలో తడి గొడుగు. గాలిదుమారానికి బస్సులు నడుస్తాయో లేదోనని బిడ్డను తానే తీసుకుపోదామని వచ్చాడు. మెట్లెక్కి లోపలికి చూసేసరికి ఆయనకు కనిపించింది ఒక్కటే. మేడం స్టూలెత్తి తన బిడ్డను కొట్టడం.

చిన్నమ్మ నేల మీద కూర్చొని పిల్ల రొమ్ము మీద అరచేతులతో నొక్కుతోంది. ఎక్కిలి వచ్చినట్టు ఒక్కసారి పిల్ల ఊపిరి తీసింది. ఆయన గొడుగు పడేసి, చిన్నమ్మను భుజంతో పక్కకు నెట్టి, బిడ్డను ఎత్తుకున్నాడు. చెయ్యి మణికట్టు పైన వంకరగా వేలాడుతోంది.

"గొడ్డును కొట్టినట్టు కొడ్తవా నా బిడ్డను?" అన్నాడు. గొంతు పెంచలేదు.

"కాకా, కరెంటు పట్టింది. పట్టుకుంటె వదలదు..."

"కరెంటైతె స్విచ్చి గోడకే ఉండె గద. నీ పక్కనే ఉండె. ముందు కొట్టి, ఎనుక ఆర్పినవ్. నేను కండ్లార సూసిన."

ఆయన మెట్లు దిగి, రిక్షా ఎక్కించుకొని దవాఖానకు తీసుకుపోయాడు. తాత వెనకాలే పోయాడు గానీ ఆయన లోపలికి రానివ్వలేదట. పిల్ల బతికింది, చెయ్యికి కట్టు వేశారు, ఏం జరిగిందో ఆమెకేమీ గుర్తు లేదు. తాత తెచ్చిన కబురు అంతే.

సాయంత్రానికి ఊరంతా పాకింది. కంప్యూటర్ ఖరాబు చేసిందని మేడం పిల్ల చెయ్యి విరగ్గొట్టిందని. మర్నాడు మెట్ల కింద ఒక్క చెప్పుల జత కూడా లేదు. ఎవరి పిల్లలను వాళ్లు ఇంట్లోనే ఉంచుకున్నారు. అజ్జి మాత్రం ఒకటే అంది. "ఆ దయ్యం డబ్బా మనకు బేడవ్వా. ఎవరికన్న ఇచ్చెయ్."

చిన్నమ్మ అన్నం ముట్టలేదు. గోదాములో అల్లం బస్తాల మధ్య కూర్చొని ఉండేది. ఒకసారి నేను పక్కన కూర్చుంటే అంది.

"ఆయన అన్నది నిజమే కదనే. స్విచ్ నా చేతికి అందేంత దూరంలో ఉండె. ముందు అదెందుకు బంద్ చెయ్యలేదు నేను? చేసి ఉంటె చెయ్యి విరిగేది కాదు."

"నువ్వు కొట్టకపోతె అది సచ్చిపోయేది చిన్నమ్మా" అన్నాను.

"స్విచ్ ఆర్పినా బతికేది" అంది.

ఊరు తిట్టినందుకు కాదు. ఆ మాటకే ఆమె కుమిలిపోయింది. నాకు కూడా లోపల ఎక్కడో అదే అనిపించింది. స్విచ్ నిజంగానే పక్కన ఉంది.

మూడో రోజు పొద్దున ఆమె హఠాత్తుగా లేచింది. తాత మేజా సొరుగులోంచి టెస్టర్ తీసుకుంది. కరెంటు ఉన్నచోట ఆనిస్తే లోపల ఎర్రగా వెలిగే స్క్రూడ్రైవర్ అది. కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకొని పైకి పోయింది. ఆ గదిలోకి చెప్పులతో పోవడం అదే మొదటిసారి. నేను కూడా చెప్పులు వేసుకొని వెనక పోయాను.

గది ఆ రోజు వదిలేసినట్టే ఉంది. స్టూలు పక్కకు పడి ఉంది. స్విచ్ ఆర్పే ఉంది. "ఇప్పుడు స్విచ్ వేసి చూడాలె, ఎంత కరెంటు వస్తుందో" అంటూనే, అలవాటు కొద్దీ ముందు టెస్టర్ మొనను డబ్బాకు ఆనించింది.

టెస్టర్ వెలిగింది.

ఆమె వెనక్కి తిరిగి స్విచ్ వైపు చూసింది. ఆర్పే ఉంది. మళ్లీ ఆనించింది. మళ్లీ వెలిగింది. తెర నల్లగా ఉంది, పంకా తిరగడం లేదు. యంత్రం చచ్చిపడి ఉన్నట్టే ఉంది గానీ ఒళ్లంతా కరెంటే. ఆ రెండు మూడు రోజులు ఆ గదిలోకి ఎవరైనా వచ్చి బల్ల తుడవబోయి ఉంటే?

చిన్నమ్మ కిందికి దిగి ఇంటి మెయిన్ స్విచ్ దించి వచ్చింది. టెస్టర్‌తో ఆనించి చూసి, వెలగలేదని నమ్మకం కుదిరాకనే గోడకున్న ప్లగ్గు పెట్టె మరలు విప్పింది. మూడు రంధ్రాల ప్లగ్గులో మూడోది ఎర్తు కోసం. ఆ తీగ నేలలోకి పోవాలి. యంత్రంలో ఎక్కడైనా కరెంటు లీకైతే మనిషిలోంచి కాక ఆ తీగలోంచి నేలలోకి దిగిపోతుంది. ఇక్కడ ఆ తీగ నేలలోకి పోనేలేదు. జానెడు తీగ ముక్కతో మూడో రంధ్రాన్ని, కరెంటు తిరిగిపోయే రెండో తీగకే కలిపి పెట్టారు. ఆ రెండో తీగలో ఉండే కొద్దిపాటి కరెంటే ఇన్నాళ్లూ చురుక్కుమనేది. గాలిదుమారం తర్వాత స్తంభం మీద తీగలు కలిపినప్పుడు అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి. తిరిగిపోయే తీగలోకి పూర్తి కరెంటు వచ్చింది. అక్కడి నుంచి నేరుగా డబ్బాలోకి. మధ్యలో స్విచ్ లేనే లేదు.

చిన్నమ్మ నేల మీద కూలబడింది. "స్విచ్ ఆర్పినా వదిలేది కాదు" అంది. ఇంకోసారి అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. అప్పుడు ఏడ్చింది. పిల్ల పడిపోయిన రోజు కూడా ఏడవని మనిషి.

వైరింగ్ చేసినాయనను తాత పిలిపించాడు. ఆయన ప్లగ్గు పెట్టెను చూసి తలదించుకున్నాడు.

"గిట్లెందుకు చేసినవయ్యా?" అన్నాడు తాత.

"సేటు, ఎర్తు గుంత తవ్వాలె అని నేను చెప్పిన. వాకిట్ల కొత్త బండలేసిన, పగలగొట్టకు, ఎట్లనో ఒకట్ల సర్దుబాటు చెయ్యమని మీరే అన్నరు. చిన్నమ్మగారు అప్పుడు ఊళ్లె లేరు" అన్నాడు ఆయన.

తాత తలపాగ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయనకు కోపం వస్తే ఇల్లు అదిరేది. ఆ రోజు ఆయన ముఖం చూడటానికి నాకు భయమేసింది. కొట్లో నిలబడి దొంగతనం ఒప్పుకున్న పిల్లవాడిలా ఉన్నాడు. "నేనే అన్న" అన్నాడు చివరికి. "అన్న మాట నిజమే."

కోహీరుకు తాతే స్వయంగా పోయి ఆ పిల్ల బాపును తీసుకొచ్చాడు. ఏం చెప్పి తెచ్చాడో తెలియదు. ఆయన వెంట అన్నదమ్ములు ఇద్దరు కూడా వచ్చారు. ముగ్గురూ మెట్ల కింద నిలబడ్డారు. చిన్నమ్మ చెప్పులు విడవొద్దని చెప్పి పైకి పిలిచింది. కుట్రలా ఉందనుకున్నారేమో, అనుమానంగానే ఎక్కారు.

ఆమె మెయిన్ వేయించింది. గోడమీది స్విచ్ చూపించింది. "చూడు కాకా, బంద్ ఉంది. నువ్వే చూడు." తర్వాత టెస్టర్ ఆనించి చూపింది. ఆయన పెదవి విరిచాడు.

"గింత మిణుకు దీపం. గిది మనిషిని పట్టుకుంటదా? నేను ముట్టి సూస్త" అని చెయ్యి చాచాడు.

చిన్నమ్మ ఆయనకూ డబ్బాకూ అడ్డంగా నిలబడింది. "నీ బిడ్డ చెయ్యి విరగ్గొట్టిన. నీది కూడా విరగ్గొడ్త, ముట్టినవంటె" అంది. ఆ గొంతుకు ఆయన ఆగిపోయాడు.

ఆమె ఒక మామూలు ఇంటి బల్బు తీసింది. దాని హోల్డర్‌కు రెండు పొడుగాటి తీగలు కట్టి ఉన్నాయి. ఒక కొసను, అక్కడే ఉన్న వైరింగ్ ఆయన పోయి వరండాలో ఉన్న నల్లా ఇనుప పైపుకు చుట్టాడు. రెండో కొసను చిన్నమ్మ కట్టె స్కేలుతో డబ్బా అంచుకు, సరిగ్గా ఆ పిల్ల పట్టుకున్న చోట ఆనించింది.

బల్బు భగ్గున వెలిగింది. పట్టపగలు, గది గోడలన్నీ పసుపుగా మారేంత వెలుగు. స్విచ్ ఆర్పి ఉంది. కంప్యూటర్ నల్లగా ఉంది. దాని ఒంట్లోంచి బల్బు వెలుగుతోంది.

ఆయన ఆ బల్బునే చూశాడు. తర్వాత స్విచ్‌ను చూశాడు. తర్వాత స్టూలును చూశాడు. చిన్నమ్మ స్కేలు తీసేసింది, వెలుగు పోయింది.

"ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు.

పెట్టింది. మళ్లీ వెలిగింది.

"గిదంతా నా బిడ్డల నుంచి పోయిందా?" అని అడిగాడు.

చిన్నమ్మ తల ఊపింది. ఆయన గోడ పట్టుకొని అట్లాగే కిందికి కూర్చున్నాడు. తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఆయనను లేపబోతే చెయ్యి విదిలించాడు. నేను అప్పటిదాకా అంత పెద్ద మగమనిషి అట్లా కూలిపోవడం చూడలేదు. అజ్జి చాయ్ పట్టుకొని పైకి వచ్చి, ఆయన్ను అట్లా చూసి, గ్లాసులు మెట్ల మీదనే పెట్టి కిందికి దిగిపోయింది.

ఎర్తు గుంత ఆయనే తవ్వాడు. ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు కోహీరు నుంచి గడ్డపార తెచ్చుకొని వచ్చాడు. వాకిట్లో మొదటి బండను తాత తన చేతులతో పెకలించాడు. ఆ వయసులో ఆయన ఊపిరి అందక రొప్పుతుంటే ఎవరూ వద్దనలేదు, వద్దనడానికి ధైర్యం చాలలేదు. కింద ఎర్ర మొరం నేల, గడ్డపార తగిలితే నిప్పులు రాలేంత గట్టిది. మనిషి లోతు తవ్వి, ఇనుప పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోసి, నీళ్లు పోశారు. పైకి తీగ లాగి ప్లగ్గులో మూడో రంధ్రానికి కలిపారు. స్తంభం మీది తీగలు సరిచేయించారు. చిన్నమ్మ బల్బుతో, టెస్టర్‌తో ఎన్నిసార్లు పరీక్షించిందో. తర్వాత అందరికన్నా ముందు తానే ఉత్త చెయ్యి డబ్బా మీద పెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఆ సాయంత్రం ప్రింటర్‌కు కాగితం పెట్టి కొట్టిస్తే, మొదటి లైను నుంచి చివరి లైను దాకా ముత్యాల్లాగా వచ్చింది. మర్నాడూ వచ్చింది. నెల తర్వాతా వచ్చింది. వానాకాలమంతా ఫ్లాపీలు మార్చి, స్విచ్చులు మార్చి డ్రైవర్ కోసం మేము పడ్డ పాట్లన్నీ వృథా. డ్రైవర్‌కు ఏ రోగమూ లేదు. ఎర్తు లేకనే యంత్రానికి ఆ మతిభ్రమణం. గుండె బొమ్మలు గీసి గీసి అది మాకు చెబుతూనే ఉంది, మేము వేరే అర్థం చేసుకున్నాం. ఆ సంగతి తెలిసినప్పుడు ఎవరికీ సంతోషం కలగలేదు.

కోహీరు పిల్ల కట్టుతోనే తిరిగి వచ్చింది. వాళ్ల బాపే తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఒంటి చేత్తో మాకన్నా వేగంగా టైపు చేసేది. ఆయన వచ్చాడని తెలిసి మిగతా పిల్లల ఇళ్లవాళ్లు కూడా ఒక్కొక్కరే పంపారు. చిన్నమ్మ అందరికీ రబ్బరు చెప్పులు కొనిపించింది. నేల మీద మట్టి పడితే పడనీ అంది.

ఇప్పుడు ఆ గోదాము లేదు, మేడగది లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. తాత, అజ్జి ఎప్పుడో పోయారు. కోహీరు కాకా కూడా పోయాడు.

కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిలో మేము ముగ్గురం కలిశాం. చిన్నమ్మ జుట్టు పూర్తిగా నెరిసింది. కోహీరు పిల్ల, పిల్ల అంటే నవ్వొస్తుంది గానీ, ఒక బడిలో ఏళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. ఎడమ మణికట్టు పైన ఎముక కొద్దిగా వంకరగా అతికింది. గాజులు ఆ చోట ఆగిపోతాయి. భోజనాలయ్యాక ఒక మూల కూర్చున్నప్పుడు ఆమె నన్ను అడిగింది.

"నాకు బండలు కడిగింది యాదికుంది. ఎనుక దవాఖాన కప్పు యాదికుంది. నడుమ ఏం లేదు. బాపు చెప్పేటోడు గని, చెప్పుకుంట మధ్యలనే ఆగిపోయేటోడు. నువ్వు చూసినవ్ గద, మొత్తం చెప్పు."

నేను చిన్నమ్మ వైపు చూశాను. మొదలుపెట్టాను. గాలిదుమారం, కడిగిన నేల, ఒక్క చిన్న కూత, గుండె బొమ్మలు. "వెనక కేబుల్ జర బిగించి చూడు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చిన్నమ్మ పైటకొంగు చెవులకు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా. చిన్నమ్మకు తాను ప్రాణం నిలబెట్టింది గుర్తులేదు. బల్బు వెలిగింది గుర్తులేదు. రెండోసారి కొట్టినప్పుడు వచ్చిన ఆ చప్పుడు ఒక్కటే చెవుల్లో ఉండిపోయింది.

"ఎనుక ఏమైంది?" అంది కోహీరు పిల్ల.

"అంతే. పడిపోయినవ్" అన్నాను.

ఆమె నమ్మలేదు గానీ ఇంకా అడగలేదు. లేచి పోయి చిన్నమ్మ పక్కన కూర్చుంది. చెవుల మీంచి ఆమె చేతులను మెల్లగా తీసి, తన ఒళ్లో పెట్టుకొని, పెళ్లి బ్యాండు వాయిస్తున్నంతసేపూ పట్టుకొనే ఉంది.